సముద్రం దాకా వెళ్లకుండానే

మా వారికి రక్తపోటు ఉందని తేలిన దగ్గర్నుంచి ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. డాక్టరుగారు మాత్రలు రాసిచ్చి, నాలుగు రోజులు గాలి మార్పుకు వెళ్లి రమ్మన్నారు. వేసవిలో విశాఖ సముద్రానికి వెళదామంటే రైల్లో బెర్తులు దొరకలేదు. డిసెంబరులో సెలవు పెడితే చిన్నవాడి బడి అడ్డొచ్చింది. ఇక తార్నాక దాటకుండానే సెలవు గడపాలనుకున్నాం.

తెల్లవారగానే ముగ్గురం ఉస్మానియా విశ్వవిద్యాలయంలోకి నడక. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని ఇన్నేళ్లూ బస్సు కిటికీలోంచి చూడటమే. పొద్దుటెండ పడితే ఆ గులాబి రాయి ఎంత బాగుంటుందో!

ఎంత వేగంగా నడవాలంటే డాక్టరుగారు సులువైన కొలత చెప్పారు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. చిన్నవాడికి అదో ఆటయింది. తండ్రిని ప్రశ్నలతో ఊపిరాడనివ్వలేదు. మూడో రోజుకు ఆయనే అడక్కుండా తన హాస్టలు కబుర్లు మొదలుపెట్టారు.

1958లో కూనూరు నుంచి వచ్చిన పోషకాహార పరిశోధన సంస్థ మా పేటలోనే ఉంది. ఆ బోర్డు చూసినప్పుడల్లా నాకు ఉప్పు గుర్తొచ్చేది. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 5 గ్రాములు మించకూడదు, అంటే ఒక టీ చెంచాడు. ఊరగాయ, అప్పడం అన్నీ అందులోకే వస్తాయి. ఆవకాయ జాడీ అటకెక్కింది. (ఆయన ఇంకా నన్ను క్షమించలేదు.)

నడుస్తున్నాం కదా అని మాత్రలు మానకండి. గుండెలో పట్టేసినట్లున్నా, ఆయాసం ఎక్కువైనా వెంటనే ఆగి డాక్టరుకు చూపించండి.

ఫిబ్రవరిలో విశాఖకు బెర్తులున్నాయని చెప్పాను. "సరేలే, ముందు చెప్పులేసుకో, పొద్దెక్కుతోంది" అన్నారు మా వారు.