పావుగంట ముందున్న దేశము

విదేశ ప్రయాణమనగానే మన సంఘములలో చాలామందికి గుర్తుకు వచ్చేది యెరూషలేము యాత్ర. ఏజెంటుకు డబ్బు కట్టి, ఒకే రంగు టోపీలు పెట్టుకొని, నలభై మందితో వెళ్ళివచ్చే యాత్ర. అంత స్తోమత మాకు లేదు. పాస్‌పోర్టు కూడ లేదు. అందుచేత 2019 ఫిబ్రవరి నెలాఖరులో మేమిద్దరము ఓటరు కార్డులు పట్టుకొని, దారి చూపేవారెవరూ లేకుండ నేపాల్ వెళ్ళాము.

విజయవాడలో రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి గోరఖ్‌పూర్‌లో దిగి, అక్కడనుండి బస్సులో సునౌలి చేరి, కాలినడకను సరిహద్దు దాటాము. రెండు వైపులా అదే దుమ్ము, అవే హిందీ పాటలు. ఇదేమి విదేశములే అనుకున్నాము. ఆ మాట ఒక్క రాత్రి కూడ నిలువలేదు.

మొదట డబ్బు. మన నూరు రూపాయలకు వారివి 160. మేము జాగ్రత్తగా తెచ్చుకున్నవన్నీ ఐదువందల నోట్లు. నూరుకు మించిన మన నోట్లను ఆ ప్రభుత్వము 2018 డిసెంబరులోనే నిషేధించినదట. వెనుకకు నడిచి సునౌలి బజారులో చిల్లరగా మార్చుకొని వచ్చాము. తరువాత గడియారము. వారి కాలము మనకంటే పదిహేను నిమిషములు ముందు. శనివారము ఉదయము ఆరు గంటల బస్సుకు పది నిమిషములు ముందే వచ్చామని సంతోషిస్తుండగా, అది వెళ్ళిపోయి ఐదు నిమిషములైనదని తెలిసింది. ఏడు గంటల బస్సు టికెట్టు మీద సంవత్సరము 2075 అని ఉంది. వారిది విక్రమ శకము. "ఏమండీ, యాభై ఆరేళ్ళు ముందుకు వచ్చేశాము, బస్సు మాత్రము తప్పిపోయింది" అని అమ్మగారు నవ్వారు.

త్రిశూలి నది పక్కన కొండదారిని పగలంతా సాగి, చీకటి పడినాక ఖాట్మండు చేరాము.

మరునాడు ఆదివారము. ఉతికిన బట్టలు కట్టుకొని, బైబిళ్ళు పట్టుకొని వీధిలోకి వచ్చాము. ఎదురుగా యూనిఫారములతో బడికి పోతున్న పిల్లలు! ఆఫీసులకు పరుగెత్తే జనము! మాకేమీ అర్థము కాలేదు. లలిత్‌పూర్‌లో వాకబు చేసి ఒక చర్చి దగ్గరకు వెళ్తే గేటుకు తాళము వేసి ఉంది. కావలి పెద్దాయన వచ్చి, వచ్చీరాని హిందీలో, "ఆరాధన నిన్ననే అయిపోయింది" అన్నారు. ఆ దేశములో వారాంతపు సెలవు శనివారము, గనుక సంఘములు కూడుకొనేదీ ఆ రోజే. ఇరవై ఏళ్ళు సేవలో ఉండి, పొరుగు దేశపు విశ్వాసులు ఏ రోజున కూడుకుంటారో తెలియనందుకు మాకు సిగ్గు వేసింది.

ఆయన మమ్మును లోపలికి పిలిచి టీ ఇచ్చారు. గోడ మీద మనిషెత్తు బీట ఒకటి సిమెంటుతో పూడ్చి ఉంది. దాని గురించి అడిగాము.

2015 ఏప్రిల్ 25 కూడ శనివారమే. పన్నెండు కొట్టడానికి నాలుగు నిమిషములు ఉందనగా భూమి కదిలింది. ఆ భూకంపములో సుమారు తొమ్మిదివేల మంది పోయారు. ఈయన మనుమడు చదివే బడి కూలిపోయింది. సెలవు గనుక లోపల ఒక్క పిల్లవాడూ లేడు. సింధుపాల్‌చోక్ జిల్లాలో ఈయన చెల్లెలు ఆరాధనలో కూర్చుని ఉంది. సెలవు గనుక ఆ చిన్న చర్చి నిండా మనుషులే. కప్పు వారి మీద పడింది. ఆమె బయటికి రాలేదు.

"శనివారము మా పిల్లవాణ్ణి ఇచ్చింది, మా చెల్లెల్ని తీసుకుంది" అని ఆయన గ్లాసులు కడగడానికి లేచారు. ఆదరణ వాక్యములు మాకు చాలా వచ్చును. ఆ పూట ఒక్కటీ నోటికి రాలేదు.

గురువారమే మాకు గోరఖ్‌పూర్‌లో రైలు. బసకు తిరిగి వస్తుండగా అమ్మగారు, "శనివారము దాకా ఉందామండీ" అన్నారు. గుంపుతో వచ్చి ఉంటే ఇది కుదిరేది కాదు. టికెట్లు రద్దు చేసుకున్నాము, కొంత డబ్బు పోయింది, మిగిలిన రోజులు రెండు పూటలా పప్పు అన్నముతోనే సరిపెట్టుకున్నాము.

శనివారము, ఈసారి గడియారము సరిచేసుకొని, ముందుగానే వెళ్ళాము. "జయమసీహ" అని చేతులు జోడించి పిలిచారు. మన పల్లెలలోవలెనే చెప్పులు బయట విడిచి నేల మీద కూర్చున్నాము. చలిగాలి లోపలికి కొడుతున్నది. పెద్దాయన మాత్రము రెండు తలుపులూ బార్లా తెరిచి, అవి మూసుకొనకుండ ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఇటుక అడ్డము పెట్టి, ఆరాధన ముగిసేవరకు గడప దగ్గరే నిలబడ్డారు. ఎందుకని మేము అడగలేదు.