ఆసుపత్రి నడిపే మనిషి

పశువుల ఆసుపత్రి అంటే మనవాళ్ళ మనసులో మెదిలేది డాక్టరు, ఆయన చేతిలోని సూది, గుంజకు కట్టేసిన ఆవు. ఆ మందు ఎక్కడినుంచి వచ్చింది, దాన్ని ఎంత చల్లదనంలో ఉంచారు, దాని గడువు ఎప్పటిదాకా, దాని డబ్బు ఎవరు ఎప్పుడు కట్టాలి, వాడేసిన సూది ఏ డబ్బాలో పడాలి, ఇవన్నీ చూసే మనిషి ఒకరుంటారని చాలామందికి తోచదు. నాకు తోచడానికి నా ఉద్యోగం కొంత కారణం, మా అక్క కూతురు కొంత కారణం.

నేను బ్యాంకు ఆఫీసర్ని. బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళకు పైగా మొదట లెడ్జర్ల మధ్య, తర్వాత కంప్యూటర్ల మధ్య గడిపినవాణ్ణి. మాది హోసూరు. ఇంట్లో తెలుగు, ఆఫీసు కాగితాల్లో తమిళం, బస్సెక్కితే కాసేపటికే కన్నడం. ఈ పత్రిక చదివేవాళ్ళకు ఇలాంటి ఊళ్ళ సంగతి నేను విడమరచి చెప్పనక్కరలేదు. పశువుల విషయంలో మా ఊరికి పాత పేరే ఉంది. మత్తిగిరి పశువుల ఫారం ఇంగ్లీషువాళ్ళ కాలం నాటిది. దక్షిణాది పశువుల మీద పుస్తకం రాసిన లిటిల్‌వుడ్ దొర అక్కడ పని చేసినవాడే. ఇప్పుడు కోళ్ళ ఉత్పత్తి, నిర్వహణల కోసం ప్రత్యేకంగా ఒక కాలేజీ కూడా అక్కడ నడుస్తోంది. కోళ్ళ ఫారం నడపడం ఒక విద్య అని ప్రభుత్వం ఒప్పుకుంది. పశువుల ఆసుపత్రి నడపడం కూడా విద్యే అని ఒప్పుకోవడానికి మాత్రం ఎవరికీ తీరిక దొరికినట్టు లేదు.

మా మేనకోడలు కూడా బి.కాం. చదివింది. ఎనిమిదేళ్ళ కిందట ఒక ప్రైవేటు పశువైద్యశాలలో లెక్కలు రాయడానికి చేరింది. డాక్టరుగారు నామక్కల్లులో చదివిన మనిషి, చేతివాటం మంచిది, మూగజీవాల మీద దయ ఉన్నవాడు. డబ్బు లెక్క ఆయనకు పట్టదు. ఆమె చేరినప్పుడు వచ్చేవి ఎక్కువగా ఆవులూ గొర్రెలూ. తర్వాత బెంగుళూరు తాకిడికి ఊరి చుట్టూ మేడలు లేచాయి, మేడలతో పాటు కుక్కలూ పిల్లులూ వచ్చాయి. ఇప్పుడు ఇద్దరు డాక్టర్లు, నలుగురు సహాయకులు, ఒక ఎక్స్‌రే మిషను. ఇంత పెరిగినా జీతం చీటీ మీద మా అమ్మాయి హోదా మొన్నమొన్నటిదాకా ‘రిసెప్షనిస్టు’.

ఆమె నేర్చుకున్నది ఎవరో నేర్పితే కాదు. టీకాల ఫ్రిజ్ సంగతే చూడండి. టీకాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. ఎక్కువ వేడి తగిలినా చెడతాయి, కొన్ని గడ్డకట్టినా చెడతాయి. సీసా చూస్తే ఏమీ తెలియదు, రంగు మారదు, వాసన రాదు. కుక్కకు టీకా వేసినట్టే ఉంటుంది, అది పని చేయదు. ఆమె చేరిన కొత్తలో ఆ ఫ్రిజ్‌లో సహాయకుల పెరుగన్నం డబ్బాలు ఉండేవట. డబ్బా కోసం గంటకోసారి తలుపు తెరిచేవాళ్ళు. ఆమె మొదట చేసిన పని ఒక థర్మామీటరు కొని లోపల పెట్టడం. రెండో పని పెరుగన్నానికి వేరే చోటు చూపించడం. రెండోదే కష్టమైందని చెప్పింది. పొద్దునా సాయంత్రమూ డిగ్రీలు రాసి సంతకం చేసే రిజిస్టరు అప్పటినుంచి నడుస్తోంది.

మత్తుకు వాడే కెటమిన్ షెడ్యూల్ ఎక్స్ మందు. తాళం వేసి ఉంచాలి, ఎంత వచ్చింది, ఎంత వాడారు, ఎంత మిగిలింది అనేది మిల్లీలీటర్లలో తేలాలి. మా బ్యాంకులో నగదు పెట్టెకు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర ఉంటాయి. ఆ పద్ధతి చెప్పాను, ఆమె వెంటనే అమలు పెట్టింది. డైక్లోఫెనాక్‌ను రాబందుల చావుకు కారణమని పశువులకు వాడకుండా 2006లో ఆపేశారు. ఆ సంగతి తెలియని రైతు మనుషుల మందుల షాపులో కొని తెచ్చి ‘ఇది పొడవండి’ అని కౌంటరు దగ్గర నిలబడితే, మర్యాదగా కాదని చెప్పవలసింది డాక్టరు కంటే ముందు ఈమె. పన్నుల సంగతి సరేసరి. జంతువుల వైద్యానికి జి.ఎస్.టి. లేదు, కుక్క తిండి ప్యాకెట్టుకు ఉంది, కాబట్టి ఒకే బిల్లులో రెండు రకాల లెక్క. ఇది మాత్రం బి.కాం. వాళ్ళకు వినోదం.

అన్నిటికంటే కష్టమైనది డబ్బు అడగడం. బ్యాంకులో మేము వసూలు గురించి శిక్షణ తరగతులకు వెళ్తాం, ఎలా మాట్లాడాలో నేర్పుతారు. ఇక్కడ ఎవరు నేర్పారు? తళి వైపు నుంచి వచ్చిన రైతుకు ఆవే సంసారం. ఆవు బతికితే పాలు అమ్మి ఇస్తాడు, చచ్చిపోతే దేనితో ఇస్తాడు? మేడ మీది ఆసామికి డబ్బుంది, కానీ ‘ఒక కుక్కకు ఇంతా?’ అని బేరమాడతాడు. ఇద్దరికీ ఒకే మాట చెల్లదు. వైద్యం మొదలుపెట్టే ముందే అంచనా కాగితం రాసి, చదివి వినిపించి, ఒప్పుకున్నాకే లోపలికి పంపడం ఆమె పెట్టిన పద్ధతి. డాక్టరుగారు మొదట నొచ్చుకున్నారు. ‘మనం అంగడి పెట్టుకున్నామా?’ అన్నారట. నెల తిరిగేసరికి కౌంటరు దగ్గర తగాదాలు తగ్గడం ఆయనే చూశారు.

ఇంకొక నియమం గురించి ఆమె నాకు చెప్పినప్పుడు కాసేపు మాట రాలేదు. నయంకాని జబ్బుతో బాధపడే జంతువును నొప్పి తెలియకుండా సాగనంపుతారు కదా. అలాంటి రోజున ఆ మనిషి బయటికి వచ్చేటప్పుడు బిల్లు ఇవ్వకూడదు. ముందే తీసుకోవాలి, లేదా వారం తర్వాత అడగాలి. “ఖాళీ గొలుసు చేతిలో పట్టుకొని వచ్చేవాళ్ళను చిల్లర ఉందా అని ఎట్ల అడుగుతాం మామా?” అంది. ఆ రోజు వాళ్ళను పక్క తలుపు నుంచి పంపుతారు. ముందుగదిలో కుక్కపిల్లలతో ఆడుకునే పిల్లల మధ్యనుంచి నడవనక్కరలేకుండా. ఎక్కడ చదివావమ్మా ఇది అని అడిగితే, చదవలేదు, ఒక ముసలావిడ ఏడవడం చూసి పెట్టుకున్నాను అంది.

ఇలా పోగుచేసినదంతా ఆమె ఒక నోటుబుక్కులో రాసింది. కొత్తగా చేరినవాళ్ళకు నేర్పడానికి. అందులో చట్టం బలవంతం కూడా ఉంది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు పశువైద్యశాలలకూ వర్తిస్తాయి. పనిలో చేరినప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఏటా కనీసం ఒకసారి సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, దాని దాఖలా ఉంచాలి. పసుపు సంచీలో ఏది, ఎర్ర సంచీలో ఏది, సూదులు తెల్ల డబ్బాలో, గాజుసీసాలు నీలం దాంట్లో. సహాయకులకు కుక్క కరవకముందే రేబీస్ టీకాలు వేయించడం కూడా ఆ పుస్తకంలోని మొదటి పేజీ సంగతే. ఖర్చు ఆసుపత్రిది. దీనికి డాక్టరుగారు ఎదురు చెప్పలేదు.

ఆ నోటుబుక్కు నాకు చూపించినప్పుడు మొదట తమిళం అనుకున్నాను. చదువుతూ పోతే తెలుగు! ‘పొద్దున వచ్చిన వెంటనే ఫ్రిజ్ చూడాల, ఆనక తాళం తీయాల’ అని మా ఇంటి తెలుగు, అక్షరాలు తమిళం. సహాయకులు నలుగురూ తెలుగు ఇళ్ళ పిల్లలే. మాట తెలుగు, చదువు తమిళం. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవద్దని నేను అనను. ఆ భాషలోనే నా ఉద్యోగం సాగింది. తెలుగు అక్షరం చేజారిందన్నదే నా బాధ. ‘క’కూ ‘గ’కూ తమిళంలో ఒకే అక్షరం కాబట్టి ‘గడువు’ను ‘కడువు’ అని చదువుకుంటారు, అర్థం చేసుకుంటారు. పాఠ్యపుస్తకం అయితే పండితులు ముక్కు మీద వేలేసుకుంటారు. పని మాత్రం జరుగుతోంది.

సుమారు ఏడాది కిందట డాక్టరుగారికి డెంకణికోట వైపు రెండో శాఖ పెట్టాలనిపించింది. ఒక బ్యాంకులో అప్పుకు దరఖాస్తు పెట్టారు. మా బ్యాంకు కాదు. మాదైనా బంధువు పనిచేసే చోటి ఫైలు నేను ముట్టుకోకూడదు. మేనమామగా కాగితాలు సర్దడానికి మాత్రం కూర్చున్నాను. అక్కడి అధికారి అడిగిన ప్రశ్న సబబైనదే: డాక్టరు ఒక్కరు, శాఖలు రెండు, ఆయన లేని చోట నడిపేదెవరు? ఈమె అని చెప్పారు. ఆమె అర్హత ఏమిటి? బి.కాం. ఈ పనిలో శిక్షణ పొందిన సర్టిఫికెట్టు? లేదు. జీతం చీటీ చూపించమన్నారు. దాని మీద రిసెప్షనిస్టు అని ఉంది.

ఎక్కడైనా ఉందా అని నేనూ వెతికాను. వ్యవసాయ పట్టభద్రులకోసం 2002లో మొదలైన అగ్రిక్లినిక్ పథకం ఉంది. హైదరాబాదులోని మేనేజ్ సంస్థ ఆధ్వర్యంలో 45 రోజుల శిక్షణ, తర్వాత బ్యాంకు అప్పు, నాబార్డు ద్వారా 36 శాతం, మహిళలకు 44 శాతం రాయితీ. మంచి పథకం. పశువైద్య పట్టభద్రులకు వర్తిస్తుంది. అంటే డాక్టరుగారు వెళ్ళవచ్చు, ఆమె వెళ్ళలేదు. 1982లో ఉజిరెలో మొదలైన రుడ్‌సెటి నమూనాలో బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి కేంద్రాలున్నాయి. ఆ పట్టికల్లో పాడి ఉంది, కుట్టుపని ఉంది, ఇది నాకు కనిపించలేదు. మా బ్యాంకువాళ్ళకు జె.ఎ.ఐ.ఐ.బి., సి.ఎ.ఐ.ఐ.బి. పరీక్షలున్నాయి, పాసైతే ఇంక్రిమెంటు. పోస్టాఫీసులో కూడా పరీక్ష రాసి పైకి వెళ్ళవచ్చు. పశువుల ఆసుపత్రి కౌంటరు వెనక మనిషికి మెట్లే లేవు.

అమెరికాలో ఉన్నాయని ఆమే ఫోనులో చూపించింది. అక్కడ 1981 నుంచే పశువుల ఆసుపత్రి మేనేజర్ల సంఘం ఉంది. వాళ్ళు పరీక్ష పెట్టి పట్టా ఇస్తారు. ఊరికే పరీక్ష కట్టించుకోరు, ముందు కొన్నేళ్ళు ఆ పనిలో ఉండి ఉండాలి, నిర్వహణ పాఠాలు చదివి ఉండాలి. లెక్కలు, సిబ్బంది, చట్టం, ఖాతాదారులతో మాటతీరు, అన్నీ పాఠాలే. “చూడు మామా, నేను చేసేది ఒక ఉద్యోగమే అంట” అంది నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఎనిమిదేళ్ళు చేసిన పనికి పేరుందని సముద్రాల అవతలినుంచి తెలియాలా?

చివరికి సర్టిఫికెట్టు బదులు రిజిస్టర్లు పెట్టాం. ఫ్రిజ్ డిగ్రీల పుస్తకం, కెటమిన్ పుస్తకం, ఏటేటా సిబ్బంది శిక్షణ హాజరు పట్టీ సంతకాలతో, గడువు తీరిన మందుల నష్టం ఏ ఏడుకాఏడు ఎలా తగ్గిందో ఒక కాగితం. అవి చూసిన అధికారి గట్టి మనిషి. స్వయంగా వచ్చి ఫ్రిజ్ తెరిచి థర్మామీటరు చూశాడట. అడిగినదానికంటే తక్కువ ఇచ్చారు, కానీ ఇచ్చారు. ఒక షరతు పెట్టారు: నిర్వహణ ఎవరిదో రాతపూర్వకంగా ఉండాలి.

ఆ షరతు దగ్గర డాక్టరుగారు తటపటాయించారు. “మా ఇంటి పిల్లలాంటిది, కాగితం ఎందుకండీ?” అని నాతో అన్నారు. మన దేశంలో ఆడపిల్లల జీతం ఎంతగా తినేసిన మాట అది! ఇంటి పిల్లకు కాగితం ఉండదు, సెలవు ఉండదు, జీతం పెంపు అడిగితే మర్యాద కాదు. నేను ఏమీ అనకముందే ఆమె చెప్పింది, “సార్, కాగితం ఇస్తేనే రెండో శాఖ చూస్తాను. లేకుంటే ఇక్కడే కౌంటరులో ఉంటాను.” గొంతు పెంచలేదు. ముసలావిడకు పక్క తలుపు చూపించే గొంతే. మూడు రోజుల తర్వాత ‘మేనేజరు’ అని టైపు చేసిన ఉత్తరం వచ్చింది. జీతం కూడా పెరిగింది, నేను అనుకున్నంత కాదు.

రెండో శాఖకు తీసుకున్న ఇద్దరు సహాయకుల్లో ఒకడు కుప్పం కుర్రాడు. వాడికి తమిళ అక్షరాలు రావు, తెలుగు వస్తుంది. నోటుబుక్కు వాడికోసం తెలుగు లిపిలో కావాలి. మా అమ్మాయికి తెలుగు చదవడం కూడబలుక్కుంటూ వచ్చు, రాయడం రాదు. మా కాలంలో హోసూరులో తెలుగు మాధ్యమంలో చదివినవాణ్ణి కాబట్టి ఆ పని నామీద పడింది. రోజూ రాత్రి భోజనమయ్యాక రెండు పేజీలు రాస్తున్నాను. ‘చూడాల’ అన్న చోట ‘చూడవలెను’ అని నా చేయి పోతుంది. అలా రాయొద్దు మామా, వాడు భయపడతాడు అంటుంది. ప్రస్తుతం పదిహేడో పేజీలో, నీలం డబ్బా దగ్గర ఉన్నాను.