మూడోసారి కట్టిన డబ్బు

'ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లేలోపు వచ్చేస్తావు కదమ్మా?'

విజయవాడ ఆసుపత్రి నుంచి తల్లి ఫోన్లో అడిగిన మాట అదొక్కటే. బాత్రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. తెల్లారి ఎనిమిదింటికి ఆపరేషన్. 'రాత్రికే బయల్దేరుతున్నాం. నువ్వు నిద్ర లేచేసరికి నీ మంచం పక్కనుంటా' అంది కూతురు.

కూకట్‌పల్లిలో ఉండే ఆ కుటుంబానికి అదేం కొత్త దారి కాదు. ఏటా సంక్రాంతికీ వేసవి సెలవులకీ వెళ్లొచ్చేదే. అతను ఆఫీసు నుంచి వచ్చీ రాగానే నాలుగు ముద్దలు తిని, పదేళ్ల బాబుని వెనక సీట్లో పడుకోబెట్టి, తొమ్మిదింటికి కారు తీశాడు. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, నకిరేకల్ ఒక్కొక్కటే దాటిపోయాయి. కొర్లపహాడ్ టోల్‌గేటు దాటిన కాసేపటికి డ్యాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలిగింది. ఏమిటా అని చూసేలోపే బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి. ఎడమపక్కకి తీసి ఆపాడు. టైము పదకొండున్నర.

పక్కనుంచి లారీ వెళ్లినప్పుడల్లా కారు ఊగిపోతోంది. బాబు లేచి 'ఊరొచ్చిందా?' అనడిగాడు. ఆమె వాణ్ని దింపి రోడ్డుకి దూరంగా నిలబడింది. అతను ఫోన్లో మెకానిక్కుల నంబర్లు వెతకడం మొదలుపెట్టాడు. కొందరు ఎత్తలేదు. ఎత్తినవాళ్లు పొద్దున చూద్దామన్నారు. చివరికి స్నేహితుడి స్నేహితుడెవరో సూర్యాపేటలో ఓ టోయింగ్ బండి వాడి నంబరిచ్చాడు. అతను వచ్చేసరికి ఒంటిగంటా నలభై. 'ఏడువేలవుద్ది సార్. ఈ టైములో ఇంకెవరూ రారు' అన్నాడు. కూరగాయల దగ్గర కూడా రెండు రూపాయలు తగ్గించందే కదలని మనిషి, మారుమాట లేకుండా తలూపాడు.

సూర్యాపేటలో షెడ్డు ముందు కారు దింపి బండి వెళ్లిపోయింది. మెకానిక్ వచ్చేది ఏడింటికట. 'మీరిక్కడుండండి, నేను బాబుని తీసుకుని బస్సెక్కుతా' అందామె. 'ఈ అర్ధరాత్రి ఒక్కదానివీ ఎలా వెళ్తావ్?' అన్నాడతను. ఇద్దరిదీ భయమే. ఎవరినీ తప్పు పట్టలేం. కార్లోనే కూర్చున్నారు. తెల్లారాక తాళాలు మెకానిక్ చేతిలో పెట్టి, బస్సు పట్టుకుని ఆసుపత్రికి చేరేసరికి పదిన్నర దాటింది.

ఎనిమిదింటికే లోపలికి తీసుకెళ్లిపోయారు. 'స్ట్రెచర్ తలుపు దాటేదాకా గుమ్మం వంకే చూసిందే మీ అమ్మ' అంది పిన్ని. అంతే. ఆపరేషన్ బాగానే జరిగింది. సాయంత్రం కళ్లు తెరిచి 'వచ్చావా' అని నవ్వింది కూడా. కానీ పిన్ని అన్న ఆ మాట మాత్రం కూతురి చెవుల్లోంచి పోలేదు.

అసలు సంగతి తర్వాత తెలిసింది

రేడియేటర్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు పైపు పగిలింది. పైపు, కూలెంటు, కూలీ అన్నీ కలిపి మెకానిక్ తీసుకున్నది 1,450 రూపాయలు. దాన్ని అక్కడిదాకా లాక్కొచ్చినందుకు ఏడువేలు! ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూసే అతనికి ఈ లెక్క మింగుడుపడలేదు. టోయింగ్ డబ్బులు ఇన్సూరెన్స్‌లో వస్తాయేమోనని ఏజెంటుకి ఫోన్ చేశాడు.

'రావు సార్' అన్నాడు ఏజెంటు. కారు పాలసీలో బండిని దగ్గర్లోని షెడ్డుకి చేర్చడానికి, తిరిగి తెచ్చుకోవడానికి మామూలుగా ఇచ్చేది మొత్తం 1,500 రూపాయలకి మించదు. అదీ ప్రమాదం జరిగితేనే. యంత్రం తనంతట తాను మొరాయిస్తే అది ప్రమాదం కాదు. ఆ నష్టం మామూలు పాలసీ కిందికి రాదు. ఇంతవరకూ చెప్పి, ఏజెంటు మామూలుగానే ఇంకోమాట అన్నాడు.

'అయినా సార్, మీ పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందిగా. ఆ నంబరుకి చేస్తే వాళ్లే వచ్చేవాళ్లుగా!'

అతనికి నోట మాట రాలేదు. ఏటా ఏజెంటు వాట్సప్‌లో పంపే పాలసీని అతను ఏనాడూ తెరిచి చూడలేదు. డబ్బు కట్టామా, కాగితం వచ్చిందా... అంతే. ఇప్పుడు తెరిస్తే రెండో పేజీలో ఉంది. జీఎస్టీతో కలిపి 354 రూపాయలు. కింద 24 గంటలూ పనిచేసే ఫోన్ నంబరు. అక్కడితో అయిపోలేదు. కారు డ్యాష్‌బోర్డు అరలో సర్వీసు పుస్తకం మధ్యలోంచి ఓ ప్లాస్టిక్ కార్డు బయటపడింది. సర్వీసింగ్‌కి వెళ్లినప్పుడు షోరూమ్ కుర్రాడు '1,900 కడితే ఏడాదంతా నిశ్చింత సార్' అంటే తీసుకున్న ప్యాకేజీ. అది కూడా రోడ్‌సైడ్ అసిస్టెన్సే! ఇంకా గడువుంది.

అంటే ఒకే సాయానికి రెండుచోట్ల డబ్బు కట్టి, అవసరం పడ్డ రాత్రి మూడోసారి ఏడువేలు చేతిలో పెట్టాడన్నమాట.

అవేవీ లేకపోయినా మరో దారుంది. జాతీయ రహదారుల మీద 1033 నంబరు రాత్రీపగలూ పనిచేస్తుంది. ప్రమాదమైనా, బండి ఆగిపోయినా ఫోన్ చేయొచ్చు. గస్తీ వాహనాన్నీ, క్రేన్‌నీ పంపే ఏర్పాటుంటుంది. కనీసం లారీల మధ్య నుంచి కారుని క్షేమంగా పక్కకి చేర్చడానికైనా అది అక్కరకొస్తుంది. ఆ రాత్రి అతనికి అదీ గుర్తురాలేదు.

'ఈసారి నేను చూస్తా'

ఆ మరుసటి నెలలోనే రెన్యువల్ నోటీసొచ్చింది. కిందటేడు 11,240 రూపాయలు. ఈసారి 12,680. ఏడేళ్ల కారు. ఒక్క క్లెయిమూ చేయలేదు. బండి విలువ తగ్గింది. మరి ప్రీమియం పెరగడమేంటి?

'ఈసారి నేను చూస్తా, ఇటివ్వండి' అందామె. చీటీపాట లెక్కలు, పాల ఖాతా, బాబు ఫీజు వాయిదాలు అన్నీ రాసే పుస్తకంలోనే కొత్త పేజీ తీసింది. పాత పాలసీ, కొత్త నోటీసు పక్కపక్కన పెట్టుకుని వరసగా రాసుకుంటే విషయం అర్థమైంది.

ప్రీమియంలో మొదటిది థర్డ్ పార్టీ భాగం. చట్టప్రకారం తప్పనిసరి. దీన్ని ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ మధ్య కార్లకి ఇది 3,416 రూపాయలు. ఏ కంపెనీకి వెళ్లినా అంతే, బేరం లేదు. రెండోది సొంత డ్యామేజీ భాగం. దీని ధర 2007 నుంచి కంపెనీల చేతుల్లోకి వెళ్లింది. రాయితీ ఎంతివ్వాలన్నది వాళ్లిష్టం. మూడోది యాడ్-ఆన్లు, అంటే అదనపు రక్షణలు. ఈ మొత్తం మీద 18 శాతం జీఎస్టీ.

తేడా ఎక్కడుందో దొరికింది. సొంత డ్యామేజీ మీద కిందటేడు ఇచ్చిన రాయితీ ఈసారి తగ్గించారు. పైగా టైర్లకి ఒకటి, తాళాలకి ఒకటి కొత్త యాడ్-ఆన్లు చేరాయి. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. నోటీసులో ఉన్నాయి కాబట్టి కట్టేస్తారన్న ధీమా!

ఆమె తమ్ముడు ఇంగ్లండులో ఉంటాడు. అమ్మ ఆరోగ్యం కనుక్కోవడానికి ఫోన్ చేసినప్పుడు ఈ మాటొచ్చింది. 'ఇక్కడా ఇదే బాధక్కా' అన్నాడు. దారిలో ఆగిన కార్లకి సాయం చేసే సంస్థలు అక్కడ వందేళ్ల పైబడి ఉన్నాయి. చేరినప్పుడు తక్కువ ధర, తర్వాత ఏటా కాస్త కాస్త పెంపు. ఇల్లు, వాహన బీమాల్లో పాత ఖాతాదారుకి కొత్తవాళ్లకన్నా ఎక్కువ ధర చెప్పకూడదని అక్కడి నియంత్రణ సంస్థ 2022 జనవరి 1 నుంచి నియమం పెట్టింది. 'బ్రేక్‌డౌన్ కవర్‌కి మాత్రం నేను ఏటా ఫోన్ చేసి, కొత్తగా చేరేవాళ్లకి ఎంతకిస్తున్నారని అడుగుతా. చాలాసార్లు తగ్గించారు. అడగనివాళ్లకి ఎవరిస్తారక్కా?'

ఆ చివరిమాట ఆమెకి నచ్చింది. మర్నాడు మధ్యాహ్నం మరో రెండు కంపెనీల ధరలు కనుక్కుంది. ఒకటి 9,300 అంది. ఎగిరి గంతేయబోయి ఆగింది. కారు విలువ దగ్గర 2,90,000 అని ఉంది. పాత కంపెనీ వేసింది 3,60,000. ఐదేళ్లు దాటిన కారు విలువ కంపెనీ, యజమాని మాట్లాడుకుని అనుకునేదే. అది తగ్గిస్తే ప్రీమియమూ తగ్గుతుంది. రేపు కారు దొంగలపాలైతే చేతికొచ్చేదీ తగ్గుతుంది! అందుకే ఒకే విలువ, అవే యాడ్-ఆన్లు చెప్పి మళ్లీ అడిగింది. నో క్లెయిమ్ బోనస్ 50 శాతం పడిందో లేదో కూడా చూసుకుంది. వరసగా ఐదేళ్లు క్లెయిము లేకపోతే వచ్చే గరిష్ఠ రాయితీ అదే. కంపెనీ మారినా అది యజమానితోపాటే వస్తుంది. గడువు దాటాక 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే మాత్రం మొత్తం పోతుంది.

అడగాల్సినవి అడిగితే...

ఇక రోడ్‌సైడ్ అసిస్టెన్స్. ఆ రాత్రి రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి కాబట్టి ఆమెకి ఏమడగాలో ఎవరూ నేర్పక్కర్లేదు. రెండు కస్టమర్ కేర్లకీ ఫోన్ చేసి ఒకే ప్రశ్నలడిగింది.

ఏడాదికి ఎన్నిసార్లు పిలవొచ్చు? ఎన్ని కిలోమీటర్లు లాక్కెళ్తారు, ఆపైన కిలోమీటరుకి ఎంత? దగ్గర్లోని షెడ్డుకా, మేం చెప్పినచోటికా? హైవే మీద, చిన్న ఊళ్ల దగ్గర కూడా వస్తారా? బండి బాగయ్యే వీల్లేకపోతే మమ్మల్ని ఊరు చేర్చడానికి టాక్సీ ఇస్తారా? ఇంటికి ఎంత దూరంలో ఉంటే ఇస్తారు? ఈ సాయం వాడుకుంటే నో క్లెయిమ్ బోనస్ పోతుందా?

జవాబులు అన్నిచోట్లా ఒకేలా లేవు. చాలావాటిలో బ్యాటరీ డౌనైతే స్టార్ట్ చేసివ్వడం, స్టెప్నీ మార్చడం, తాళం లోపల ఉండిపోతే తలుపు తీయడం, కొద్దిగా పెట్రోలు తెచ్చివ్వడం ఉంటాయి. మనిషి రావడమే ఉచితం. పెట్రోలుకీ, విడిభాగాలకీ డబ్బు మనమే ఇవ్వాలి. టాక్సీలాంటివి ఇంటికి దూరంగా ఉన్నప్పుడే. విడిగా కొనే ప్యాకేజీల్లో కొన్ని, కొన్న కొన్నాళ్లకిగానీ మొదలుకావు. అంటే కారు ఆగాక కొందామంటే కుదరదు. బోనస్‌కి మాత్రం సాధారణంగా ఢోకా ఉండదు. అయినా పాలసీ కాగితంలో ఆ ముక్క చూసుకోవడం మంచిది. ఆటోమేటిక్ గేర్ల కార్లు, ఎలక్ట్రిక్ కార్లు ఉన్నవాళ్లు మరో ప్రశ్న కూడా అడగాలి... చక్రాల మీద లాక్కెళ్తారా, మొత్తం కారుని పైకెక్కించుకునే బండి పంపుతారా అని. మొదటి పద్ధతిలో ఆ కార్లు పాడయ్యే ప్రమాదముంది.

చివరికి పాత కంపెనీకే ఫోన్ చేసి, అవతలి కంపెనీ ధర చెప్పింది. టైర్లవీ తాళాలవీ యాడ్-ఆన్లు తీసేయమంది. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంచమంది. టాక్సీ సౌకర్యం అందులో ఉంది మరి. కాసేపు ఆగమని, పైవాళ్లని అడిగొచ్చి, 10,390కి ఒప్పుకున్నారు. నోటీసులో అడిగినదానికన్నా 2,290 తక్కువ. షోరూమ్ ప్యాకేజీ గడువు తీరాక మళ్లీ కట్టేది లేదనుకున్నారు. ఆ 1,900 కలిపితే మొత్తం మిగిలింది 4,190. ఆ రాత్రి టోయింగ్ బండికి ఇచ్చిందాంట్లో సగం పైచిలుకు.

'ఈ నాలుగు ఫోన్లూ నేనే చేసుండాల్సింది' అన్నాడతను పుస్తకం చూస్తూ. ఆమె ఏమీ అనలేదు. ఓ తెల్ల కాగితం మీద అసిస్టెన్స్ నంబరు, పాలసీ నంబరు, కింద 1033 పెద్దగా రాసి అతని చేతికిచ్చింది. అతను దాన్ని డ్రైవరు సీటు పైన, ఎండ పడకుండా దించుకునే అట్టకి అంటించాడు. ఇద్దరి ఫోన్లలోనూ ఎక్కించాడు.

దసరాకి మళ్లీ అదే దారి. అమ్మ ఇప్పుడు వాకర్ పట్టుకుని వరండా దాకా నడుస్తోంది. బయల్దేరేముందు అతను కూలెంటు చూశాడు, స్టెప్నీలో గాలి చూశాడు. కొర్లపహాడ్ టోల్‌గేటు దాటాక ముగ్గురూ కాసేపు మాట్లాడలేదు. కారు ఆ చోటు దాటిపోయాక వెనకనుంచి బాబు, ఎవరూ అడక్కుండానే, 'ఒకటి సున్నా మూడు మూడు' అని గట్టిగా అన్నాడు. ఇద్దరూ నవ్వేశారు.

అంతలో ఫోను మోగింది. 'ఎక్కడిదాకా వచ్చారే?' అంటోంది అమ్మ.

'సూర్యాపేట దగ్గరున్నామమ్మా. నువ్వు తినేసి పడుకో' అంది కూతురు. ఎన్నింటికొస్తామో మాత్రం చెప్పలేదు.