నారు పోశాక

“నారు పోసినవాడు నీరు పోయడా” అన్న సామెతను ఎవరు పుట్టించారో గానీ, తప్పకుండా కాలువ చివరి ఊరివాడై ఉంటాడు. ఎగువ రైతుకి ఆ మాటతో పెద్దగా పని పడదు. లాకులు ఎత్తగానే అతని బోదె నిండుతుంది. శివారు రైతు మాత్రం నీళ్లు వదిలారన్న వార్త పేపర్లో చదివి, అవి తన తూము దాకా ఎప్పుడొస్తాయోనని రోజులు లెక్కపెట్టుకుంటాడు.

విజయవాడలో మొక్కులకు కొదవ లేదు. ప్రకాశం బ్యారేజీ మీద బస్సు వెళ్తుంటే చేతులు వాటంతటవే దుర్గమ్మ కొండవైపు లేస్తాయి. ఫిబ్రవరి వస్తే గుణదల మేరీమాత కొండ జనంతో నిండిపోతుంది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలని ఒక జూలైలో నేనూ అమ్మవారికి మొక్కాను. మొక్కి ఇంటికొచ్చాక కూడా, రోజూ తెల్లారేదాకా లెక్కలు వేసుకునేవాణ్ని. భారం ఆవిడ మీద వేశానని నోటితో అనడమే గానీ, మూట నా నెత్తి మీదే ఉంది.

ఆ రోజుల్లోనే నాగాయలంక వైపు మా పెదనాన్న దగ్గరికి వెళ్లాను. నారు పోసి ఇరవై అయిదు రోజులైంది. కాలువలో నీళ్లు లేవు. నారు కొసలు పసుపు తిరుగుతున్నాయి. ఆయన మురుగు కాలువలోకి దిగి, దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుక మీద వేసుకున్నాడు. ఉమ్మేసి, “ఇవాళ ఫర్వాలేదురా, ఉప్పు తక్కువే” అన్నాడు. వెంటనే ఆయిల్ ఇంజన్ పెట్టించి నారుమడి వరకూ తడిపాడు. ఆ తర్వాత పార తీసుకుని, చుక్క నీరు లేని బోదెలో తూడు, గడ్డి చెక్కడం మొదలుపెట్టాడు.

“నీళ్లే రాలేదు, ఇప్పుడెందుకు పెదనాన్నా?”

“వచ్చిన రోజున దారి లేకపోతే పక్కోడి చేలోకి పోతాయిరా.”

నీటి కోసం మనవాళ్లు పడని పాట్లు లేవు. 1832–33లో నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. ఆ తర్వాత విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పని 1852లో మొదలై 1855కి పూర్తయింది. పని మొదలైన వందేళ్లకు, 1952లో అది తెగితే, 1957 నాటికి 70 గేట్ల బ్యారేజీ లేచింది. దాని కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు. అయినా పైన సాగర్ నిండాలి, పట్టిసీమ పంపులు తిరగాలి, నీళ్లలో మన వంతు తేలాలి. మరో ఏడు అదే నది మీదికొస్తుంది. 2024 సెప్టెంబరులో బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద పోయింది. బుడమేరు వాగు విజయవాడ సింగ్ నగర్ ఇళ్లలోకి వచ్చింది. ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో, గేట్లు కట్టినవాడికీ తెలియదు.

పెదనాన్న బోదె చెక్కిన ఆ రోజు సాయంత్రం గట్టు మీద కూర్చుని పెదనాన్నను అడగరానిది అడిగేశాను. 1977 నవంబరు 19 ఉప్పెనను ఆయన కళ్లారా చూశాడు. దివిసీమలో ఊళ్లకు ఊళ్లే పోయిన రోజు.

“అప్పుడు దేవుడేమయ్యాడు?”

చాలాసేపు మాట్లాడలేదు. “ఏమోరా. నేనూ అడిగాను. చేలన్నీ ఉప్పుదేరిపోయాయి. నీళ్లు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి కడిగాం. తర్వాత నారు పోశాం.”

ఆయన నమ్మకంలో నాకు కనపడింది అదే. దేవుడు ఏం చేస్తాడో ఆయనకు తెలుసని కాదు. తెలియనిదాన్ని దేవుడికి అప్పజెప్పి, తన వంతు పని తాను చేసుకుంటున్నాడు. నేను మాత్రం దేవుడి లెక్కలు కూడా నేనే వేస్తున్నాను. అందుకే నాకు నిద్ర లేదు. సామెతను సగమే వింటాం మనం. నీరు పోయడం గురించి మాట్లాడేముందు నారు పోసి ఉండాలి.

తిరిగొచ్చి కొత్త ఉద్యోగానికి రెండు దరఖాస్తులు పెట్టుకుని, ఆ రాత్రి పడుకున్నాను.

ఆ ఏడు నీళ్లు ఆలస్యంగానే వచ్చాయి. నారు ముదిరింది. పెదనాన్న కుదురుకు రెండు మొక్కలు ఎక్కువ పెట్టించి నాట్లు వేయించాడు.