రాన్స్‌డోర్ప్ పొర్లుకట్ట

మాది ఇందుకూరుపేట. ఒకవైపు పెన్నా, ఇంకోవైపు సముద్రం. నవంబరు వానలు పట్టుకున్నాయంటే మా ఇళ్లలో పొర్లుకట్ట మాట తప్ప మరో మాట వినపడదు. ఇప్పుడు మేముంటున్న ఉత్తర ఆమ్‌స్టర్‌డామ్‌లోనే రాన్స్‌డోర్ప్ అనే చిన్న ఊరుంది. దాని కథంతా కట్టదే.

ఆ దారంతా పచ్చిక బీళ్లు. గట్లుండాల్సిన చోట నిండా నీళ్లున్న సన్న కాలువలు. ఊరికంటే ముందు చర్చి గోపురం కనబడుతుంది. పదహారో శతాబ్దం నాటి ఆ గోపురానికి శిఖరం లేదు, పైన బల్లపరుపుగా ఆగిపోయింది. రెంబ్రాంట్ బొమ్మల్లోనూ అది అలాగే ఉంది. ఊళ్లో పాత మునిసిపాలిటీ భవనం కూడా ఉంది. డుర్గర్‌డామ్, హోలీస్లోట్ ఊళ్లు కూడా ఒకప్పుడు రాన్స్‌డోర్ప్ కిందే ఉండేవి.

1916 జనవరి 13 రాత్రి జైడర్ జీ సముద్రం పోటెత్తింది. కట్టలు తెగి ఆ ప్రాంతమంతా మునిగింది. మళ్లీ నిలదొక్కుకునే డబ్బు అక్కడి చిన్న మునిసిపాలిటీల దగ్గర లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌కేమో చోటు కావాలి. 1921 జనవరి 1న రాన్స్‌డోర్ప్ ఆ నగరంలో కలిసిపోయింది. ఆ ఏడే ఏప్రిల్ 7న మా ఊరి దగ్గరి పల్లిపాడులో గాంధీజీ పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ప్రారంభించారు. ఇక్కడ ఒక ఊరి పాలన చేజారిన ఏడే అక్కడ పెన్నా ఒడ్డున జనం స్వరాజ్యం కోసం కూడారు.

1932లో జైడర్ జీకి అడ్డంగా 32 కిలోమీటర్ల కట్ట వేశారు. సముద్రం మంచినీటి సరస్సయింది.

పాలన పోయినా, రాన్స్‌డోర్ప్ వాళ్లకు కట్ట మీద హక్కు మిగిలింది. కట్టలు, కాలువలు, పంపులు చూసే నీటి బోర్డులు ఇక్కడ శతాబ్దాల నాటివి. వాటి పన్ను వేరు, ఎన్నిక వేరు. ఈ దేశ పౌరసత్వం లేని నాకు కూడా 2023 మార్చిలో ఓటు చీటీ వచ్చింది. కాలువల్లో నీటిమట్టం ఎంతుండాలన్న దాని మీద పాడి రైతులది ఒక మాట, ప్రకృతి ప్రేమికులది ఇంకో మాట. ఓట్లడిగేది ఆ మాటల మీదే.

మా వైపు, 2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డప్పుడు పెన్నా పొర్లుకట్టలకు గండ్లు పడ్డాయి. 1997 చట్టంతో మనకూ నీటి సంఘాలు వచ్చాయి గానీ, అవి సాగునీటి కోసం పెట్టినవి. కట్ట ఎక్కడ నానిందో, ఎక్కడ కుంగిందో ముందు తెలిసేది దాని పక్కన చేను చేసే కౌలు రైతుకు, రొయ్యల గుంట దగ్గర రాత్రంతా కాపలా ఉండే మనిషికి. పొర్లుకట్టకు సొంత నిధి, సొంత బోర్డు ఉండాలి. భూమి లేకపోయినా ఆ ఇద్దరికీ అందులో ఓటు ఉండాలి.