తోక ఈకలో చిరునామా

మన్ననూరు దాటి ఫరహాబాద్ వైపు వెళ్లే దారిలో, ఎండుటాకుల మీద ఒక ఈక. 15 సెంటీమీటర్లు ఉంటుందేమో. బూడిద రంగు మీద అడ్డంగా సన్నటి నల్ల చారలు. డేగదే, సందేహం లేదు. కానీ ఏ డేగ?

చారలు లెక్కపెట్టే ముందు ఈక నడిమి కాడ చూడాలి. డేగ తోకలో 12 ఈకలుంటాయి. కాడ సరిగ్గా మధ్యలో ఉంటే అది తోక నడుమది. ఒక పక్క ఈనెలు పొట్టిగా ఉంటే అంచుది. ఎదిగిన షిక్రాకు నడిమి రెండు ఈకల మీద చారలు దాదాపు ఉండవు, పక్కవాటి మీదే ఉంటాయి. అదే బెస్రా అయితే చారలు తక్కువ, కానీ వెడల్పు, ముదురు. మా ఈకకు కాడ ఓ పక్కకు జరిగి ఉంది, చారలు సన్నం. షిక్రా! నల్లగొండ ఊళ్లలో వేపచెట్ల మీద తొండల కోసం కాచుకుని కూర్చునేదీ ఇదే. ఎంత ముచ్చటేసిందో!

ఈకను అక్కడే వదిలేశాం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నెమలి ఈకకున్న మినహాయింపు డేగ ఈకకు లేదు. మీకూ దొరికితే పక్కన ఒక నాణెం పెట్టి, రెండు వైపులా ఫొటో తీయండి. పొడవు తెలుస్తుంది, పోల్చుకోవడం తేలిక.