నేనూ ఒక రబ్బరు బాతునే

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి జావాతో పని ఏమిటని మీరు అడగవచ్చు. మొన్నమొన్నటివరకు నేనూ అదే అనుకొన్నాను. జావా అంటే నాకు తెలిసినది ఒక ద్వీపం. అది కంప్యూటరు భాష కూడానని ఎవరో అంటే, సరే, లోకంలో భాషలకేం కొదవ అని ఊరుకొన్నాను. ఇరవై ఏళ్లుగా నిజామాబాదులో పిల్లలచేత ఉత్పలమాలకు గణవిభజన చేయిస్తూ బ్రతుకుతున్నవాణ్ణి. నాకున్న భాష నాకు చాలును.

కాని ఆ ఆదివారం సాయంత్రం మా మేనల్లుడు బోధను బస్సు దిగి, సంచీ గోడకు ఆనించి, నిలబడ్డచోటనే అన్నాడు:

"మామా, నేను సదువు బంద్ జేస్త. నాయినతోని పొలంకాడికి పోత."

మా అక్కది బోధను దగ్గర పల్లె. నా చిన్నతనంలో ఆ దారిన పోతూంటే చెరకు బండ్లు తప్పుకొంటేగాని బస్సు కదిలేది కాదు. 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం ఆసియాలోకెల్లా పెద్దదని మా నాన్న తానే కట్టించినంత గర్వంగా చెప్పేవాడు. అది 2015 డిసెంబరులో మూతపడింది. మా బావ చెరకు మాని వరిలో దిగాడు. కొడుకును మాత్రం కంప్యూటర్ల చదువులో వేసి, "వాణ్ణి నువ్వు చూసుకో" అని నాకు అప్పగించాడు. వాడు రెండేళ్లుగా మా ఇంట్లోనే ఉండి డిగ్రీ చదువుతున్నాడు. ఇప్పుడు ఈ మాట!

అన్నం తిన్న తరువాత మెల్లగా కూపీ లాగాను. కాలేజీలో ఒక్కొక్కరిని జావాలో ఒక చిన్న ఆట వ్రాసి తెమ్మన్నారట. వీడికి రాలేదు. పై తరగతివాణ్ణి అడిగితే, "గిది గూడ తెల్వదా?" అని పదిమందిలో నవ్వి, పది నిమిషాల్లో తానే వ్రాసి పారేశాడట. పరీక్షకు వచ్చినాయన అందులో ఒక వరుస మీద వేలు పెట్టి, ఇది ఎందుకు వ్రాశావని అడిగాడు. వీడు నేల చూశాడు. మరొక ఆట వ్రాసి తెమ్మని గడువిచ్చారు.

"ఫోనుని అడిగితె అదే మొత్తం రాసిస్తది గదరా ఇప్పుడు?"

"ఇచ్చింది మామా. కాని అది రాసింది, నేను రాయలే. మల్ల అడిగితె మల్ల నేల సూడాలె."

ఆ "ఇది కూడా తెలియదా" అనే మాట నాకు ముల్లులా గుచ్చుకొన్నది. ఎందుకంటే అది నా మాటే. పదకొండేళ్ల క్రితం నా తరగతిలో వెనుక బల్ల నుండి ఒక కుర్రవాడు లేచి, "సార్, యతి అంటే ఆగడమా, కలవడమా?" అన్నాడు. "డిగ్రీకి వచ్చి ఇది కూడా తెలియదా?" అన్నాను. తరగతి గొల్లుమన్నది. అతను కూర్చొన్నాడు. చదువు పూర్తయి వెళ్లేదాకా మరి లేవలేదు.

"పట్టుక రా నీ డబ్బా" అన్నాను.

"నీకు జావా రాదు గద మామా?"

"రాదు. అందుకే నువ్వు చెప్పు, నేను వింట."

డబ్బా తెరుచుకొనేలోగా దాని వంశచరిత్ర చెప్పాడు. అమెరికాలో సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీలో జేమ్స్ గాస్లింగ్, అతని తోటివారు కలిసి దీనిని తయారుచేస్తే, 1995లో లోకం మీదికి వచ్చిందట. మొదట ఓక్ అని చెట్టు పేరు పెట్టి, తరువాత కాఫీ మీదుగా జావా అన్నారట. పిల్లలు వెర్రెత్తి ఆడే మైన్‌క్రాఫ్ట్ అనే ఆటను కూడా 2009లో ఈ భాషలోనే మొదలుపెట్టారట. వీడు మటుకు పులి-మేక ఎంచుకొన్నాడు. వాళ్ల తాత అరుగు మీద బొగ్గుతో గీసి నేర్పిన ఆట. నాకు ప్రాణం లేచివచ్చింది. అందులో నేను పండితుణ్ణి!

చాక్‌పీసుతో వసారాలో పటం గీశాను. మూడు పులులు, పదిహేను మేకలు, గీతలు కలిసే చోట్లు ఇరవై మూడు. వాడు చోట్లకు ఒకటి నుండి ఇరవై మూడు దాకా అంకెలు వేశాడు. అన్ని చోట్లా మేక నిలుస్తున్నది. ఇరవై మూడవ చోట పెట్టేసరికి ఆట చచ్చి, తెర మీద ఎర్రటి అక్షరాలు పడుతున్నవి. వాడు పామును చూసినట్లు వాటిని తుడిచేయబోయాడు.

"ఆగు. ఏమన్నదో సదువు."

"ఎర్రర్ వచ్చింది మామా."

"వచ్చింది సరే. ఏమన్నది?"

కూడబలుక్కొని చదివాడు: "ఇండెక్స్ 23 అవుట్ ఆఫ్ బౌండ్స్ ఫర్ లెంగ్త్ 23."

"తెలుగుల చెప్పు."

"పొడుగు ఇరవై మూడు... ఇరవై మూడో నంబరు హద్దు దాటింది."

"ఇరవై మూడు చోట్లుంటే ఇరవై మూడోది హద్దు ఎట్ల దాటుతదిరా?"

ఇది బోధన అనుకొనేరు. నాకు నిజంగానే తెలియక అడిగాను. వాడు వంగి పటం మీద వేలు పెట్టి "ఒకటి" అన్నాడు. ఆ వేలు అక్కడే ఆగిపోయింది.

"మామా! జావాల లెక్క సున్న కాడికెల్లి సురువైతది! మొదటిది సున్న, ఆఖరుది ఇరవై రెండు. గిది నేను రెండు మార్కుల ప్రశ్నల రాసి వచ్చిన!"

వ్రాసి వచ్చాడు. మార్కులూ వచ్చాయి. కాని ఇంతవరకు ఆ సంగతి వాడిది కాలేదు. నేను చెప్పించే నోట్సు ఎంతమందికి ఇలాగే రెండు మార్కులై మిగిలిపోయిందో!

తరువాత పులి దూకుడు దగ్గర చిక్కు వచ్చింది. పక్కన మేక ఉండి, దాని అవతల ఖాళీ ఉంటే పులి దూకి మేకను చంపాలి. కాని 'అవతల' అంటే ఏది? మనకు నేల మీద గీత కనిపిస్తుంది. యంత్రానికి అంకెలే కనిపిస్తాయి. "అయితె దానికి మూడంకెలు చెప్పాలె మామా. పులి చోటు, మేక చోటు, దూకే చోటు" అని వాడే అన్నాడు. ఒకే గీత మీద వరుసగా వచ్చే మూడేసి చోట్లను నేను పటం చూసి చదువుతూంటే, వాడు పట్టిక వ్రాసుకొన్నాడు. ఒంటిగంటకు మొదటి పులి మొదటి మేకను తిన్నది. మామా అల్లుళ్లం వేసిన కేకకు మా ఆవిడ లేచి వచ్చి, "ఆ గీతలు తెల్లారి మీరే కడగండి" అని తలుపు వేసుకొన్నది.

కొన్నాళ్లకు వాడు నవ్వుతూ ఒక కథ తెచ్చాడు. ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ అనే ఇద్దరు 1999లో ప్రోగ్రాములు వ్రాసేవారికోసం ఒక పుస్తకం వ్రాశారట. బల్ల మీద రబ్బరు బాతును పెట్టుకొని, తాను వ్రాసినది దానికి వరుస వరుసగా వివరించే ఒకాయన సంగతి అందులో ఉన్నదట. బాతు ఏమీ చెప్పదు. చెప్పుకుపోయేవాడికే మధ్యలో తన తప్పు తట్టుతుంది.

"ఆ రాత్రి నువ్వు బాతువి మామా!"

నాకిచ్చిన బిరుదుల్లో ఇది ఒక్కటే నేను సంపాదించుకొన్నది.

మొన్న వాడి స్నేహితుడెవరో ఫోను చేశాడు. ఆ కుర్రవాడి ఆట చివర "మళ్లీ ఆడతారా?" అని అడుగుతుంది. అవునని వ్రాసినా ఆగిపోతున్నదట. తలుపు చాటునుండి విన్నాను. "ఏం రాసినవో ఒక్కొక్క లైను సదువు" అన్నాడు మావాడు. చదివించి, "రెండు ఈక్వల్ గుర్తులు పెట్టినవు గద, అవి ఏమడుగుతయి?" అన్నాడు. కాసేపు మౌనం. అప్పుడు చెప్పాడు: "రెండు కాయితాల మీద ఒకటే పద్యం రాసినమనుకో. రెండు ఈక్వల్ గుర్తులు, ఇవి రెండు ఒకటే కాయితమా అని అడుగుతయి. ఈక్వల్స్ అనే మాట, ఒకటే పద్యమా అని అడుగుతది. నీకు ఏది గావాలె?"

"ఇది కూడా తెలియదా" అని మాత్రం అనలేదు. చదువు బంద్ మాట వాడు మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

సోమవారం తరగతిలో ఆ పాత ప్రశ్నను నేనే బల్ల మీద పెట్టాను. సంస్కృతంలో యతి అంటే విరామం, ఆగడం. తెలుగులో యతి అంటే అక్షరాల మైత్రి, కలవడం. వెనుక నుండి ఒక అమ్మాయి లేచింది. "మరి రెండింటికీ ఒకటే పేరు ఎందుకైంది సార్?" వెనుకటి మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నీకేమనిపిస్తున్నదమ్మా? చెప్పు, వింటాను" అని కుర్చీలో కూర్చొన్నాను, బాతులాగ.

పదకొండేళ్ల క్రితం వెనుక బల్ల మీద కూర్చొన్న నాయనా, ఈ పత్రిక నీ కంటబడితే చదువు. నీవు అడిగినదే అసలైన ప్రశ్న. ఆనాడు తెలియనిది నాకు.